ఉంటారా, పోతారా? దండకారణ్య కాందిశీకుల మీద వచ్చిన రచనలు

కాందిశీకుణ్ణి లోకం ముఖ్యంగా మూడు ప్రశ్నలు అడుగుతుంది. నీ మతం ఏమిటి? నువ్వు ఎవరి పక్షం? ఇక్కడే ఉంటావా, పోతావా? అడిగేవాళ్లు మారుతుంటారు. ఒకసారి పునరావాస శాఖ అధికారి, ఒకసారి ఓట్లకు వచ్చిన నాయకుడు, ఒకసారి పరిశోధకుడు, ఒకసారి నవలాకారుడు. జవాబులు కూడా మారుతుంటాయి. నిన్న ఉంటానన్నవాడు ఇవాళ మూట కట్టుకుంటాడు. ఒక ఎన్నికల్లో ఎర్రజెండా పట్టినవాడు మరో ఎన్నికల్లో ఇంకో జెండా కింద కనిపిస్తాడు. ఇది చూసి కాందిశీకులకు నిలకడ లేదని, పెట్టినచేతిని మరిచిపోతారని అన్నవాళ్లున్నారు. నాకు అలా తోచదు. కాందిశీకుడు అడిగినవాడి చేతిలో ఏముందో చూసి జవాబు చెబుతాడు. రేషన్ కాగితం పట్టుకొచ్చినవాడికి ఒక మాట, లాఠీ పట్టుకొచ్చినవాడికి ఒక మాట. అందులో మోసం లేదు, బతకడం ఉంది. మరి చేతిలో ఏమీ లేనివాడు పక్కన కూర్చుని అడిగితే ఏం చెబుతాడు? అది విని రాయడం సాహిత్యం పని. ఆ పని ఎవరు ఎంతవరకు చేశారో చూద్దామని ఈ వ్యాసం.

ఉదాహరణకు దూరదేశాలు వెతకనక్కర్లేదు. అది మన జిల్లాల్లోనే ఉంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి పశ్చిమ బెంగాల్ క్యాంపుల్లో ఏళ్ల తరబడి పడివున్న రైతు కుటుంబాల కోసం 1958లో కేంద్ర ప్రభుత్వం దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. వాళ్లను అప్పటి కోరాపుట్ జిల్లాకూ, మధ్యప్రదేశ్‌లోని అప్పటి బస్తర్ జిల్లాకూ తరలించి, అడవి కొట్టి, భూమి పంచి, ఇళ్లు కట్టించాలని ఉద్దేశం. ప్రాజెక్టు ముఖ్య కార్యాలయం కోరాపుట్ పట్నంలోనే ఉండేది. జనం నోట అది డి.ఎన్.కె. అయింది. ఉమర్‌కోట్, రాయిఘర్, మల్కన్‌గిరి ఇటువైపు, పరల్‌కోట్ అటు బస్తర్ వైపు ముఖ్యమైన కేంద్రాలు. 1992 అక్టోబరు 2న పాత కోరాపుట్ జిల్లా నాలుగైంది. రాయగడ, నవరంగపురం, మల్కన్‌గిరి వేరుపడ్డాయి. ఉమర్‌కోట్, రాయిఘర్ నవరంగపురం జిల్లాకు పోయాయి. దాంతో ఈ కథ ఇప్పటి కోరాపుట్‌ది కాదన్నట్టు, రాయగడది అసలే కాదన్నట్టు అయిపోయింది. కానీ అప్పటి జిల్లాలో ఇవన్నీ ఒకే కలెక్టరు కింద ఉన్న ఊళ్లు.

ఆ ఊళ్లకు ప్రాజెక్టు పేర్లు పెట్టలేదు, నంబర్లు వేసింది. మల్కన్‌గిరి వైపు ఊళ్లన్నీ ఎం.వి.లు, ఉమర్‌కోట్ వైపువి యు.వి.లు, పరల్‌కోట్ వైపువి పి.వి.లు. మీదే ఊరని అడిగితే ‘ఎం.వి. ఫలానా’ అని చెబుతారు. అరవై ఏళ్లు దాటినా అదే వాడుక. విమర్శకుడిగా నా దృష్టి మొదట ఈ నంబర్ల మీదే పడుతుంది. ఏ ఊరికైనా పేరు అక్కడ ఉన్నవాళ్లు పెట్టుకుంటారు. చెట్టును బట్టో, గెడ్డను బట్టో, అమ్మవారిని బట్టో పెడతారు. నంబరు మాత్రం బయటివాడు వేస్తాడు, తన దస్త్రంలో వెతుక్కోవడానికి. ఈ ఊళ్ల గురించి మొట్టమొదటి రచన ఆ దస్త్రమే. కనుక దానితోనే మొదలుపెడతాను.

పునరావాస నివేదికలను మనం సాహిత్యంగా చదవం. కానీ వాటిలోనూ ఒక కథకుడు ఉంటాడు, ఒక దృక్పథం ఉంటుంది, ఎంచుకున్న మాటలు ఉంటాయి. దండకారణ్య దస్త్రాల్లో భూమి వదిలి వెళ్లిపోయిన కుటుంబం గురించి వాడిన మాటకు అర్థం ‘పరారీ’. సైన్యం నుంచి చెప్పకుండా పారిపోయిన సిపాయికి వాడే మాట అది. రైతు తన పొలం వదిలిపోతే వలస అంటాం, కరువు అంటాం, అప్పు అంటాం. పరారీ అనం. ఒక్క మాటతో కాందిశీకుడి సంకల్పం నేరమైపోయింది. ఎందుకు పోయాడన్న ప్రశ్న అడగనక్కర్లేకుండా పోయింది.

అడిగినవాళ్లు లేకపోలేదు. ఐ.సి.ఎస్. అధికారి శైబల్ కుమార్ గుప్తా కొంతకాలం ఈ ప్రాజెక్టు అధికార సంస్థకు అధ్యక్షుడిగా పనిచేసి 1964లో తప్పుకున్నారు. 1965 మొదట్లో ‘ఎకనమిక్ వీక్లీ’లో వరసగా వ్యాసాలు రాశారు. ఆయన రాజకీయం వెతకలేదు, మతం వెతకలేదు. నేల తవ్వి చూశారు. మన్ను ఎంత లోతు, నీళ్లు ఎక్కడ, ఎకరానికి ఎంత పండింది, ఆ పంట ఒక కుటుంబానికి ఎన్నాళ్లు వస్తుంది అని లెక్క వేశారు. పంచిన భూముల్లో చాలావాటి మీద ఒక కుటుంబం ఏడాది పొడుగునా బతకలేదని తేల్చారు. ఆ వ్యాసాల్లో అలంకారం ఒక్కటీ లేదు. అయినా కాందిశీకుల మీద వచ్చిన మంచి రచనల్లో నేను వాటిని మొదట లెక్కిస్తాను. ‘పోతారా’ అన్న ప్రశ్నను మనిషి గుణం మీద నుంచి తీసి మట్టి గుణం మీద పెట్టిన రచన అది. వరి పండే పల్లపు నేలలో, నదుల మధ్య పుట్టి పెరిగిన రైతుకు మెట్ట మీద ఎర్రమట్టి ఇచ్చి, ఉండు అంటే ఎలా ఉంటాడు? అలాంటి నేలలో మన కొండవాళ్లు చోళ్లు, సామలు పండించుకుంటారు. వాళ్లకు ఆ మట్టి తరతరాలుగా తెలుసు. వచ్చినవాడికి తెలియదు.

ఇక రాజకీయం. యాభైలలో, అరవైలలో కాందిశీకుల సంఘాల్లో వామపక్షాలది పైచేయి. బెంగాల్ కాందిశీకులను బెంగాల్‌లోనే స్థిరపరచాలని వాళ్లు గట్టిగా పోరాడారు. దండకారణ్యానికి పంపడాన్ని వనవాసం అన్నారు. రామాయణం చదివిన దేశంలో ఆ పోలిక వివరించనక్కర్లేదు. 1977 జూన్‌లో పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వం వచ్చింది. 1978 మొదటి నెలల్లో మల్కన్‌గిరి నుంచి, ఉమర్‌కోట్ నుంచి, పరల్‌కోట్ నుంచి వేల కుటుంబాలు ఎడ్లు, గిన్నెలు, ఇంటి తలుపులు కూడా అమ్ముకుని బెంగాల్ దారి పట్టాయి. లోక్‌సభ అంచనాల సంఘం ఈ నిష్క్రమణ మీద ప్రత్యేకంగా ఒక నివేదికే ఇచ్చింది. వెళ్లినవాళ్లలో చాలామందిని దారిలోనే ఆపి తిప్పి పంపారు. ముప్ఫై వేల మంది దాకా సుందరవనాల్లోని మరీచ్‌ఝాపీ అనే దీవికి చేరారు. అది రిజర్వు అడవి అని ప్రభుత్వం అంది. 1979 జనవరి చివర్లో దీవికి తిండి, నీళ్లు అందకుండా పోలీసు పడవలతో దిగ్బంధం చేశారు. జనవరి 31న కాల్పులు జరిగాయి. మే నెలలో దీవిని ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్ల లెక్క ప్రభుత్వం చెప్పినదానికీ, బతికి బయటపడినవాళ్లు చెప్పినదానికీ పొంతన లేదు. మిగిలినవాళ్లలో ఎంతోమందిని మళ్లీ ఈ నంబర్ల ఊళ్లకే తోలుకొచ్చారు.

ఇందులో ఎవరి సంకల్పాన్ని ఎవరు తప్పు చదివారు? నాయకులు కాందిశీకుణ్ణి తమ పార్టీ మనిషి అనుకున్నారు. అతను మాత్రం వాళ్ల మాటను వాగ్దానంగా తీసుకున్నాడు, భూమి పట్టాలాగ దాచుకున్నాడు. అధికారం వచ్చాక పట్టా చూపించాడు. వాళ్లు గుర్తుపట్టలేదు. అతని ఎర్రజెండాలో సిద్ధాంతం ఎంతో నేను చెప్పలేను గాని, తిరుగుదారి మాత్రం తప్పకుండా ఉంది. మరీచ్‌ఝాపీలో వాళ్లు ఏం చేశారో చూడండి. బోరింగులు వేసుకున్నారు, బడి కట్టుకున్నారు, పడవలు చేసుకున్నారు, చేపల చెరువులు కట్టుకున్నారు. ఏడాది కూడా నిండని ఆ ఊరికి నేతాజీ నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఇరవై ఏళ్లపాటు ప్రాజెక్టు ఇచ్చిన నంబరుతో బతికినవాళ్లు, ఎవరూ ఏమీ ఇవ్వనిచోట మొదట చేసిన పనుల్లో ఒకటి పేరు పెట్టుకోవడం. ‘ఉంటారా?’ అన్న ప్రశ్నకు ఇంతకంటే తేటగా జవాబు చెప్పడం కష్టం. ఆ జవాబు ఏ పార్టీ భాషలోనూ లేదు.

మతం సంగతి ఇంకా చిక్కు. ఈ కాందిశీకులు హిందువులు గనుక పాకిస్తాన్ నుంచి పారిపోయి వచ్చారు, హిందువులు ఎక్కువగా ఉన్న దేశానికి చేరారు, ఇక ఎక్కడ పెట్టినా సుఖపడాలి కదా అన్నది చాలామంది తర్కం. పారిపోయిన మాట నిజం. 1950లో బరిసాల్ వైపు జరిగిన కొట్లాటలు, 1964లో ఖుల్నా వైపు జరిగినవి కట్టుకథలు కావు. కానీ దండకారణ్యానికి వచ్చినవాళ్లలో అత్యధికులు నామశూద్రులు. అప్పట్లో చండాలురని పిలిపించుకున్న కులం అది. వాళ్లలో చాలామంది మతువాలు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫరీద్‌పూర్ ప్రాంతంలోని ఓరాకాంది కేంద్రంగా హరిచాంద్ ఠాకూర్, ఆయన కొడుకు గురుచాంద్ ఠాకూర్ నడిపిన భక్తి మార్గం మతువా. బ్రాహ్మణుడి మధ్యవర్తిత్వం అక్కర్లేదంటుంది. కష్టపడే చేతికి, నామం పలికే నోటికి పెద్దపీట వేస్తుంది. పిల్లలకు చదువు చెప్పించమంటుంది. హిందువని గణాంకాల్లో ఒక గడిలో వేస్తే ఈ చరిత్రంతా ఆ గడి అడుగున పడిపోతుంది.

జోగేంద్రనాథ్ మండల్ జీవితాన్నే తీసుకోండి. నామశూద్ర నాయకుడు. దళితులూ ముస్లిం రైతులూ ఒకే నాగలి కింద బతికేవాళ్లు, కలిసి ఉండవచ్చని నమ్మి పాకిస్తాన్‌లో ఉండిపోయాడు, దాని మొదటి న్యాయశాఖ మంత్రి అయ్యాడు. 1950 అక్టోబరులో రాజీనామా ఇచ్చి కలకత్తా వచ్చేశాడు. తర్వాత బతుకంతా కాందిశీకుల మధ్యే తిరిగాడు. ఆయన ఉండిపోవడంలోనూ, వచ్చేయడంలోనూ మతం ఒక్కటే కారణమంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. సరిహద్దుకు అవతల హిందువని తరిమారు. ఇవతల ఏమైంది? కొంచెం చదువు, కొంచెం చుట్టరికం ఉన్న పైకులాల కాందిశీకులు కలకత్తా చుట్టూ ఖాళీ జాగాల్లో కాలనీలు వేసుకుని నిలదొక్కుకున్నారు. నాగలి తప్ప ఏమీ తెలియని కులాలవాళ్లు దండకారణ్యం రైలెక్కారు. అక్కడ మతం అడ్డమైతే ఇక్కడ కులం అడ్డమైంది. తిరిగి పోవాలన్న కోరికలో ఈ రెండో గాయం ఎంత ఉందో ఏ నివేదికా కొలవలేదు.

ఈ ప్రశ్న పాతబడిపోలేదు. 1951 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక శరణార్థి అంటే ఎవరో చెబుతూ జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం అని అయిదు కారణాలు పెట్టింది. భారతదేశం దాని మీద సంతకం చేయలేదు. కానీ 2019లో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం మూడు దేశాల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి తెరిచింది. నియమాలు 2024 మార్చిలో వచ్చాయి. మనకు ఆ చట్టం నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. నేను అంటున్నది వేరు. తలుపు దగ్గర నిలబడ్డవాడు ఏ ప్రశ్న అడుగుతాడో, లోపలికి రావాలనుకునేవాడు ఆ ప్రశ్నకే జవాబు తయారు చేసుకుంటాడు. మతం అడిగితే మతం చెబుతాడు. భూమి ఎంత పోయింది, కూతురి పెళ్లి ఎందుకు ఆగింది, ఏ వరద తర్వాత బయల్దేరావు అని అడిగే గడి దరఖాస్తులో ఉండదు. దరఖాస్తులో లేని ఆ గడిని రచయిత నింపాలి.

ఈ కొలతతో రెండు పుస్తకాలు చూస్తాను. మొదటిది అమితావ్ ఘోష్ ఇంగ్లిషు నవల ‘ద హంగ్రీ టైడ్’. 2004లో వచ్చింది. మరీచ్‌ఝాపీని ప్రపంచానికి గుర్తుచేసిన నవలగా దానికి పేరు. ఆ పేరు న్యాయమైనదే. అందులో నిర్మల్ అనే రిటైరైన హెడ్మాస్టరు ఉంటాడు. పాత వామపక్షవాది, కవిత్వం పిచ్చి ఉన్నవాడు. మరీచ్‌ఝాపీలో తను కలగన్న విప్లవం చివరికి కళ్లబడిందని మురిసిపోతాడు. అతని భార్య నీలిమ ఆ పక్కదీవిలోనే ఆసుపత్రి నడుపుతుంది. ప్రభుత్వంతో పేచీ పెట్టుకుంటే ఆసుపత్రి మూతపడుతుందని దూరంగా ఉంటుంది. కాందిశీకులను చూసి ఒకరు విప్లవమంటారు, ఒకరు ప్రమాదమంటారు. కుసుమ్ అనే పల్లెపడుచు మాత్రం వాళ్లతో కలిసిపోతుంది, వాళ్లతోనే నశిస్తుంది. రచయిత గొప్పతనం ఏమిటంటే నిర్మల్ చూపును మనకు ఇస్తూనే దాని మీద మనకు అనుమానం కలిగిస్తాడు. అలాగే ఆ అడవి బిడ్డల బోన్‌బీబీ కథ. హిందువులూ ముస్లిములూ కలిసి మొక్కే దేవత ఆమె. సరిహద్దు గీసినవాళ్ల మతం ఒకటి, పులుల మధ్య చేపలు పట్టుకుని బతికేవాళ్ల మతం ఒకటి అని ఆ కథ మనకు చెప్పకుండానే చెబుతుంది.

అయినా ఈ నవలతో నాకు ఒక పేచీ ఉంది. దండకారణ్యం అందులో మధ్యప్రదేశ్ అడవుల్లోని ఒక చోటు. జైలు లాంటిది, చుట్టూ పగబట్టిన జనం. అంతే. ఒక పాత్ర నోట కొద్ది మాటల్లో అయిపోతుంది. కోరాపుట్ లేదు. కోయ లేడు, పరజ లేడు. ఇరవై ఏళ్లు ఇక్కడ దున్నిన దుక్కి, పుట్టిన పిల్లలు, సంతలో నేర్చుకున్న కొత్త భాష, ఏదీ లేదు. కాందిశీకుడు నవలలోకి వచ్చేసరికే తిరిగిపోతున్నవాడు. అతను ఉండి ఉంటే ఎలా ఉండేవాడో నవల అడగదు. కానీ వెళ్లినవాళ్ల కంటే వెళ్లకుండా ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. వెళ్లి, దెబ్బతిని, తిరిగొచ్చి మళ్లీ నాగలి పట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్ల కథలో కాల్పులు లేవు గనుక ప్రపంచానికి పట్టలేదు. నవలకు కావలసిన విషాదం దీవిలో దొరికింది. ఎం.వి.లో దొరికేది రోజువారీ బతుకు. బెంగాలీలో శక్తిపద రాజగురు ‘దండక్ థేకే మరీచ్‌ఝాపీ’ అని నవలకు పేరు పెట్టారు. దండకం నుంచి మరీచ్‌ఝాపీకి అని. మరీచ్‌ఝాపీ నుంచి దండకానికి తిరిగి నడిచిన దారి మీద కూడా ఒక నవల రావాలి.

రెండో పుస్తకం మనోరంజన్ బ్యాపారి ఆత్మకథ ‘ఇతిబృత్తే చండాల్ జీబన్’. 2012లో బెంగాలీలో వచ్చింది, 2018లో ఇంగ్లిషు అనువాదం వచ్చింది. బరిసాల్‌లో పుట్టి, పసివాడిగా సరిహద్దు దాటి, బాంకురా జిల్లా క్యాంపులో పెరిగిన నామశూద్రుడు. చాయ్ కొట్లో పని, రిక్షా, జైలు. అక్షరాలు జైల్లో నేర్చుకున్నాడు. తన రిక్షా ఎక్కిన ఒకావిడను ‘జిజీవిష’ అంటే ఏమిటని అడిగితే ఆవిడ మహాశ్వేతాదేవి అని తర్వాత తెలిసింది. ఆవిడే తన పత్రికలో రాయించింది. ఈ సంగతి సాహిత్యాభిమానులకు తెలిసిందే. నా దృష్టి వేరే చోట ఉంది. క్యాంపులో ఉన్నప్పుడు దండకారణ్యం పోనన్న కుటుంబాల్లో వీళ్లదీ ఒకటి. పోనన్నందుకు డోలు ఆగిపోయింది. డోలు అంటే క్యాంపులో ఇచ్చే జీవన భృతి. ఆ తర్వాత ఆకలి. అంటే ‘పోను’ అన్న ఒక్క మాటకు ధర ఎంతో ఈ పుస్తకంలో అణాపైసలతో ఉంది. అదే మనిషి తర్వాత తనంత తాను ఈ అడవుల వైపు వచ్చి ఏళ్ల తరబడి బతికాడు, ఛత్తీస్‌గఢ్‌లో శంకర్ గుహా నియోగి ఉద్యమంలో తిరిగాడు. తోలితే రానన్న చోటికి బతుకు వెతుక్కుంటూ వచ్చాడు. సంకల్పమన్నది మనిషి నుదుటి మీద ఒకేసారి రాసిన రాత కాదని ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. పోనన్నప్పుడూ అబద్ధం ఆడలేదు, వచ్చినప్పుడూ ఆడలేదు. మధ్యలో అడిగినవాడు మారాడు, అంతే.

ఈ రచనలన్నిటిలోనూ ఒక లోటు మిగిలిపోతుంది. ఆ భూమి కాందిశీకుడు రాకముందు ఎవరిది? ఖాళీ అడవి అని ప్రాజెక్టు అంది. కోయలకు, పరజలకు, భత్రాలకు అది ఖాళీ కాదు. పోడు తిప్పుకునే నేల, మేకల బీడు, ఇప్పచెట్ల తోపు. బాగుచేసిన భూమిలో నాలుగో వంతు ఆదివాసులకు ఇవ్వాలన్న ఏర్పాటు ప్రాజెక్టులోనే ఉంది. అంటే మిగిలిన మూడు వంతులు ఎవరి దగ్గర నుంచి వచ్చాయో ప్రభుత్వానికీ తెలుసన్నమాట. అదే జిల్లాలో బలిమెల జలాశయం వెనక చిక్కుకుపోయిన ఊళ్లవాళ్లు రోడ్డుకు రావాలంటే పడవే గతి. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా వాళ్లది అదే బతుకు. వాళ్లను ఎవరూ కాందిశీకులనలేదు. సరిహద్దు దాటకుండా ఇల్లు పోయినవాడికి ఆ మాట దక్కదు. గోపీనాథ్ మహంతి 1945లోనే ‘పరజ’ రాశారు. భూమి పోయిన కొండరైతు కథ. కాందిశీకులు రావడానికి ముందు కథ. ఆ నవలనూ బ్యాపారి ఆత్మకథనూ పక్కపక్కన పెట్టి చదివితే గాని దండకారణ్యం పూర్తిగా అర్థం కాదు. ఒకడు భూమి పోగొట్టుకుని వచ్చాడు, ఒకడు ఉన్నచోటనే పోగొట్టుకున్నాడు. ఇద్దరినీ ఒకే గట్టుకు అటూ ఇటూ నిలబెట్టారు.

2025 డిసెంబరులో మల్కన్‌గిరి జిల్లాలో ఒక కోయ స్త్రీ హత్య తర్వాత ఎం.వి. 26లో ఇళ్లు తగలబడ్డాయి. భూమి మాట, ఎవరు స్థానికులు ఎవరు కాదు అన్న మాట మళ్లీ పైకి వచ్చాయి. అప్పుడు పత్రికల్లో ఆ ఊరి పేరు చదివి, ఇదేం పేరు అని అడిగినవాళ్లున్నారు. చంపబడ్డ స్త్రీకి జరిగింది ఘోరం. ఇళ్లు కాలినవాళ్లకు జరిగిందీ ఘోరమే. మూడో తరం పిల్లలు, ఒడియా బడిలో చదువుకున్నవాళ్లు, మళ్లీ అదే ప్రశ్న ముందు నిలబడ్డారు. ఉంటారా, పోతారా? ఎక్కడికి పోతారన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక మన సంగతి. కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగువాళ్లం కాందిశీకులం కాము. 1936 ఏప్రిల్ 1న గీత మన ఊళ్ల మీదుగా జరిగింది, మనం జరగలేదు. నిన్నటిదాకా మద్రాసు రాజధానిలో విశాఖ జిల్లాగా ఉన్న జయపురం సంస్థానం మర్నాటికి ఒరిస్సా అయింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ సమంగా పండితుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద దాత. ఆయన ఒక భాషను ఎంచుకోవాలని ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ భాగ్యం తర్వాతి తరాలకు దక్కలేదు. రాయగడలో, గుణుపురంలో మన ఇళ్లలో ఇప్పుడు పిల్లలు ఒడియాలో చదివి, తెలుగులో కొట్లాడి, ఉద్యోగానికి విశాఖ బస్సో విజయనగరం రైలో ఎక్కుతున్నారు. చుట్టాలింట పెళ్లిలో మనల్నీ అడుగుతారు, ‘ఇంకా అక్కడే ఉంటారా?’ అని. ఆ ప్రశ్నలో ఎంత ముల్లు ఉందో మనకు తెలుసు. మన వెనక లాఠీ లేదు, డోలు కాగితం లేదు. అయినా గుచ్చుకుంటుంది. అంత తెలిసిన మనం పొరుగున ఎం.వి.ల వాళ్ల గురించి ఏం రాశాం? మన కథల్లో సంత వస్తుంది, సంతలో కొండవాళ్లు వస్తారు, షావుకారు వస్తాడు. చేపలూ కూరగాయలూ తెచ్చి అమ్మే బెంగాలీ ఆసామి దాదాపు రాడు. వచ్చినా యాస కోసం, నవ్వు కోసం వస్తాడు.

కారణం తెలియనిది కాదు. అల్పసంఖ్యాకుల సాహిత్యం ముందు తన గొంతు కాపాడుకోవాలని చూస్తుంది. మన బడి, మన పత్రిక, మన పద్యం. ఆ తాపత్రయం తప్పు కాదు. కానీ అలాంటి వస్తువు మన రక్తంలో లేనిదేమీ కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగం అనేవారు. పూర్వం రంగం వెళ్లని ఊరు తక్కువ. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులు, 1942లో జపాన్ బాంబులకు అడవులూ కొండలూ పట్టి నడిచొచ్చిన లక్షల భారతీయులు, 1962 తర్వాత నే విన్ ప్రభుత్వంలో దుకాణాలూ పొలాలూ వదులుకుని ఓడలెక్కినవాళ్లు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేట పేరు ఇప్పటికీ ఉంది. ఆ ముసలివాళ్లు చెప్పుకున్న కథల్లో మతం ఎంత, రాజకీయం ఎంత? బియ్యం మూట ఎక్కడ పారేసింది, ఏ నది దగ్గర పిల్ల తప్పిపోయింది, ఎవరు నీళ్లిచ్చారు, ఇవే ఎక్కువ. అడిగినవాడు మనవడు గనుక అలా చెప్పారు. అదే కథ పునరావాస కార్యాలయంలో చెప్పినప్పుడు వేరేగా చెప్పి ఉంటారు. ఈ తేడా తెలిసిన భాష మనది.

అందుకే మన యువరచయితలకు ఒక మాట చెప్పదలిచాను. ఎం.వి. ఊరి మీద కథ రాయబోతే ముందు ఆ మనిషిని హిందువుగానో, కమ్యూనిస్టుగానో, చొరబాటుదారుగానో తేల్చుకుని కూర్చోకండి. మరీచ్‌ఝాపీ నెత్తురు దగ్గరే ఆగిపోకండి. అక్కడి నుంచి తిరిగొచ్చాక మొదటి దుక్కి ఎవరి ఎడ్లు అరువు తెచ్చి దున్నాడో అడగండి. ఆ ఎడ్లు ఇచ్చిన కోయ ఆసామి ఇంటికి వెళ్లి, ఎందుకిచ్చావు, తర్వాత ఎందుకు తగువొచ్చింది అని అదీ అడగండి. నంబరు వెనక ఇంట్లోవాళ్లు తమలో తాము ఊరిని ఏమని పిలుచుకుంటారో వినండి. మన చేతిలో రేషన్ లేదు, లాఠీ లేదు, ఓటు చీటీ లేదు. మనం ఈ రాష్ట్రంలో అధికార భాషవాళ్లం కూడా కాము. ఈ జిల్లాల్లో ఆ ప్రశ్నలు అడిగితే నిజం చెప్పించుకోగల వీలు ఎవరికైనా ఉంటే మనకు ఉంది.